సముద్రం మీద రోజుకో గంట: క్రూజ్‌లో టైమ్ జోన్ మార్పులకు సర్దుకోవడం ఎలా

హైదరాబాద్ నుంచి న్యూయార్క్‌కి వేసవిలో విమానంలో వెళ్తే తొమ్మిదిన్నర గంటల తేడా ఒక్కసారిగా నెత్తిన పడుతుంది. ఓడలో అలా కాదు. ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ నుంచి అట్లాంటిక్ దాటి న్యూయార్క్ చేరే ఏడు రాత్రుల ప్రయాణంలో ఐదు గంటల తేడాను ఐదు రాత్రులకు పంచి, రాత్రికో గంట చొప్పున గడియారం మారుస్తారు. మన శరీరం సర్దుకోగలిగిన వేగం కూడా దాదాపు ఇంతే. అంటే జెట్‌లాగ్ లేకుండా ఖండం దాటే అవకాశం ఓడే మనకు ఇస్తోంది. అయినా దిగేటప్పటికి నిద్ర చెడి, తల బరువెక్కి, మాత్రల వేళలు తప్పి ఉండేవాళ్లు తక్కువేం కాదు. మారే ఆ గంటను ఎలా వాడుకోవాలో ముందే అనుకోకపోతే అలాగే అవుతుంది.

ఈ మార్గదర్శిలో ఎక్కువగా ఆ సౌతాంప్టన్–న్యూయార్క్ దారినే ఉదాహరణగా తీసుకున్నాను. లండన్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలను ఓడలో తీసుకెళ్లాలనుకునే తెలుగు కుటుంబాలకు ఇది సూటిగా పనికొస్తుంది. మిగతా దారుల్లో ఏం మారుతుందో ఎక్కడికక్కడ చెప్తాను.

1. ముందు లెక్క తేల్చుకోండి: ఎన్ని గంటలు, ఎటువైపు

భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. కాబట్టి ఓడ తూర్పుకో పడమరకో 15 డిగ్రీల రేఖాంశం దాటితే ఒక గంట తేడా వస్తుంది. భూమధ్యరేఖ దగ్గర 15 డిగ్రీలంటే దాదాపు 1,670 కిలోమీటర్లు. ఉత్తరానికి వెళ్లేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి. సౌతాంప్టన్ ఉన్న 50 డిగ్రీల అక్షాంశం దగ్గర అదే 15 డిగ్రీలు 1,070 కిలోమీటర్లకు తగ్గిపోతుంది. ఉత్తర అట్లాంటిక్ దాటే పెద్ద ఓడ రోజుకు 950 కిలోమీటర్లకు అటూఇటూగా నడుస్తుంది. అందుకే ఈ దారిలో ఇంచుమించు రోజుకో గంట మారుతుంది. బార్సిలోనా నుంచి కెనరీ దీవుల మీదుగా మయామీ వెళ్లే ఓడ ఇంకా దక్షిణంగా, ఇంకా నెమ్మదిగా పోతుంది కాబట్టి అందులో ఆరు గంటల తేడా రెండు వారాల మీద పరుచుకుంటుంది. మధ్యలో గడియారం కదలని రోజులు చాలా ఉంటాయి. నిద్ర విషయంలో భయం ఉన్నవాళ్లకు ఇలాంటి దారి చాలా మెత్తగా ఉంటుంది.

పడమరకు వెళ్తుంటే గడియారం గంట వెనక్కి తిప్పుతారు, ఆ రోజుకు 25 గంటలు. తూర్పుకు వెళ్తుంటే ముందుకు తిప్పుతారు, రోజుకు 23 గంటలే. చూడ్డానికి రెండూ ఒక గంట మార్పే అయినా శరీరానికి ఒకటి కావు. మన మెదడులో ఉండే గడియారం సొంతంగా నడిస్తే రోజుకు సగటున 24 గంటల 12 నిమిషాలు తీసుకుంటుంది. అంటే 25 గంటల రోజుకు అది ఇంకో 48 నిమిషాలు సాగితే చాలు. 23 గంటల రోజుకైతే గంటా పన్నెండు నిమిషాలు కుదించుకోవాలి, అదీ వరసగా ఐదు రోజులు. పడమర ప్రయాణం హాయిగా, తూర్పు ప్రయాణం భారంగా అనిపించడానికి అసలు కారణం ఇదే.

ఇంకో చిన్న మెలిక ఉంది. ఇంగ్లండ్‌లో అక్టోబర్ చివరి ఆదివారం గడియారాలు వెనక్కి తిప్పుతారు, అమెరికాలో నవంబర్ మొదటి ఆదివారం తిప్పుతారు. ఆ మధ్య రోజుల్లో రెండు ఊళ్ల తేడా నాలుగు గంటలే. మార్చి రెండో ఆదివారం నుంచి చివరి ఆదివారం దాకా కూడా అంతే. మీ ప్రయాణం ఈ రోజుల్లో పడితే ఎన్ని మార్పులు వస్తాయో తేదీలు పెట్టుకుని లెక్క చూసుకోండి.

2. టికెట్ కొనేటప్పుడే సగం పని అయిపోతుంది

రెండు వైపుల్లో ఒకవైపే ఓడలో వెళ్లి, ఇంకోవైపు విమానంలో రావాలనుకుంటే పడమర దిక్కును ఓడకు ఇవ్వండి. యూరప్‌లో వేసవి గడిపిన ఓడలు అక్టోబర్, నవంబర్ నెలల్లో కరీబియన్ వైపు పడమరకు వెళ్తాయి, మార్చి, ఏప్రిల్ నెలల్లో తూర్పుకు తిరిగొస్తాయి. అరవై దాటినవాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు శరదృతువు ప్రయాణమే మేలని నా గట్టి అభిప్రాయం.

కేబిన్ విషయానికొస్తే, కిటికీ లేని లోపలి కేబిన్ చవక. కానీ దీపం ఆపితే అందులో పగలూ రాత్రీ తేడా ఉండదు. పొద్దున తొమ్మిదైనా అర్ధరాత్రిలాగే ఉంటుంది. పడమరకు వెళ్తుంటే ఫర్వాలేదు. తూర్పుకు వెళ్తుంటే మాత్రం కొంచెం ఎక్కువ పెట్టైనా కిటికీ ఉన్న కేబిన్ తీసుకోండి, ఎందుకంటే ఆ దిక్కులో పొద్దుటి వెలుగే మీకు మందు. అప్పటికే లోపలి కేబిన్ తీసుకుని ఉంటే ఒక ఉపాయం ఉంది: చాలా ఓడల్లో కేబిన్ టీవీలో ఓడ ముందుభాగం కెమెరా చూపించే ఛానల్ ఉంటుంది. రాత్రి సౌండ్ తీసేసి దాన్ని ఆన్ చేసి ఉంచితే రాత్రంతా తెర నల్లగా ఉండి, తెల్లవారేకొద్దీ గదిలోకి మెల్లగా వెలుతురు వస్తుంది.

రాత్రి భోజనానికి రెండు వేళలు ఇచ్చే ఓడల్లో మొదటిది సాయంత్రం ఆరు ప్రాంతంలో, రెండోది ఎనిమిది, ఎనిమిదిన్నర ప్రాంతంలో ఉంటుంది. మనవాళ్లకు అలవాటైన వేళ రెండోదే కాబట్టి చేయి అటే పోతుంది. పెద్దవాళ్లతో వెళ్తుంటే రెండు దిక్కుల్లోనూ మొదటిదే తీసుకోండి. పడమరకు వెళ్లేటప్పుడు ఓడలో ఆరు అంటే కడుపుకు ఏడు, ఆకలి ముందే వేస్తుంది. తూర్పుకు వెళ్లేటప్పుడు ఆకలి అంతగా వేయదు, కానీ ఎనిమిదిన్నరకు కూర్చుంటే లేచేసరికి పది దాటి, నిద్ర అర్ధరాత్రి దాటి, మర్నాడు గంట తక్కువ రోజుతో మొదలవుతుంది.

3. బయలుదేరే ముందు మూడు రోజులు

పడమరకు వెళ్లేవాళ్లు ఏమీ చేయనక్కర్లేదు. తూర్పుకు వెళ్లేవాళ్లు మాత్రం ఓడ ఎక్కడానికి మూడు రోజుల ముందు నుంచి రోజుకు అరగంట చొప్పున ముందే పడుకుని, అరగంట ముందే లేవాలి. లేవగానే బయటికి వెళ్లి ఓ ఇరవై నిమిషాలు నడవాలి. ఇలా చేస్తే ఓడ ఎక్కేసరికే గంటన్నర సంపాదించుకున్నట్టు.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను వాళ్లు దిగిన రెండో రోజే ఓడ ఎక్కించకండి. విమానం తెచ్చిన అలసట మీద ఓడ గంటలు కూడా పడితే ఏది దేనివల్లో తెలియని అయోమయం మొదలవుతుంది. కనీసం వారం రోజులు ఇంట్లో ఉండి, రాత్రిళ్లు వరసగా నిద్రపోవడం మొదలయ్యాకే ప్రయాణం పెట్టుకోండి.

4. ఓడ ఎక్కగానే: ఓడ టైమే మీ టైమ్

నడిసముద్రంలో ఏ దేశం టైమూ ఉండదు. ఓడలో ఎన్ని గంటలైందో కెప్టెన్ నిర్ణయిస్తారు. గడియారం మారే రోజు సాయంత్రం గది సర్దే స్టీవార్డ్ మంచం మీద ఒక చిన్న కార్డు పెట్టి వెళ్లడమో, మర్నాటి కార్యక్రమాల కాగితంలో పైన రాయడమో చేస్తారు. "ఈ రాత్రి 2 గంటలకు గడియారాలు ఒక గంట వెనక్కి" అని ఒక్క వాక్యం ఉంటుందంతే. ఇప్పుడు చాలా ఓడల్లో యాప్‌లోనూ వస్తుంది. కాగితం ఆసాంతం చదవకపోయినా ఈ ఒక్క లైను కోసం రోజూ రాత్రి భోజనానికి ముందే చూడండి.

రెండింటి దాకా మేలుకుని గడియారం మార్చాల్సిన పని లేదు. పడుకునే ముందే చేతి గడియారం మార్చేయండి. నా సలహా అయితే అంతకంటే ముందు, భోజనానికి కూర్చునేటప్పుడే మార్చేయమని. అప్పుడు ఆ సాయంత్రం నుంచే మనసు కొత్త టైముకు అలవాటు పడుతుంది. అయితే ఆ రాత్రి చూడాలనుకున్న షో మాత్రం పాత టైము ప్రకారమే ఉంటుందని గుర్తుంచుకోండి.

తూర్పు ప్రయాణంలో కొన్ని ఓడలు గడియారాన్ని రాత్రి కాకుండా పట్టపగలు తిప్పుతాయి. మధ్యాహ్నం పన్నెండు కొట్టగానే ఒంటిగంట అని ప్రకటిస్తారు. రాత్రి నిద్రలో గంట కోత పడకుండా చేసిన మంచి ఏర్పాటు ఇది. ఓడలో పనిచేసేవాళ్లకు ఇంకా మేలు. మీకు తెలియాల్సింది ఒకటే: ఆ రోజు టిఫినుకూ మధ్యాహ్న భోజనానికీ మధ్య ఒక గంట ఎగిరిపోతుంది. పొద్దున తొమ్మిదికి బఫేలో దోసెలు, ఆమ్లెట్లు పట్టించి మళ్లీ ఒంటిగంటకు బల్ల ముందు కూర్చుంటే మధ్యలో గడిచింది మూడు గంటలే. ఆ రోజుల్లో టిఫిన్ ఎనిమిది లోపు ముగించండి, లేదా తేలిగ్గా కానివ్వండి.

అలారానికి చేతి గడియారమో, కేబిన్ ఫోన్‌లోని వేకప్ కాలో వాడండి. కేబిన్ ఫోన్ తెర మీద కనిపించేది ఎప్పుడూ ఓడ టైమే. మొబైల్ ఫోన్ గురించి అలా చెప్పలేం.

5. ఫోన్ సంగతి

మామూలుగా ఫోన్ తన టైమును మొబైల్ నెట్‌వర్క్ నుంచి తీసుకుంటుంది. సముద్రం మధ్యలో నెట్‌వర్క్ లేకపోతే పాత టైమ్ పట్టుకుని కూర్చుంటుంది. ఓడలోని శాటిలైట్ నెట్‌వర్క్ తగిలితే ఇంకేదో టైమ్ చూపించవచ్చు, పైగా రోమింగ్ బిల్లు కూడా వస్తుంది. అందుకని ఓడ కదలగానే ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి, వైఫై ఒక్కటే ఆన్ చేసుకోండి. తర్వాత సెట్టింగ్స్‌లో తేదీ–సమయం దగ్గర 'ఆటోమేటిక్' ఆపేయండి.

ఇక్కడ చాలామంది అంకెలను చేత్తో గంట వెనక్కి తిప్పుతారు. అలా చేయకండి. అంకెలు తిప్పితే ఫోన్ తాను ఇంకా లండన్‌లోనే ఉన్నాననుకుని, అసలు సమయమే మారిందని లెక్కేస్తుంది. వాట్సాప్ మొరాయిస్తుంది, బ్యాంకు యాప్ ఓటీపీలు తప్పుతాయి. అంకెలు కాకుండా టైమ్ జోన్ మార్చండి. నడిసముద్రంలో ఊరు ఉండదు కాబట్టి అదే టైమ్ నడిచే, ఏడాదంతా గడియారం మార్చని ఊరిని ఎంచుకోవాలి.

వేసవిలో సౌతాంప్టన్ నుంచి పడమరకు వెళ్తుంటే వరస ఇలా ఉంటుంది. బయలుదేరేటప్పుడు లండన్. మొదటి మార్పు తర్వాత ఐస్‌లాండ్‌లోని రేక్యవిక్. రెండో దానికి కేప్ వెర్డ్ రాజధాని ప్రైయా. మూడో దానికి బ్రెజిల్‌కు చెందిన ఫెర్నాండో డి నొరోన్యా దీవి. నాలుగో దానికి బ్యూనస్ ఐరిస్. ఐదోదానికి పోర్టో రికోలోని శాన్ హువాన్, అంటే వేసవిలో న్యూయార్క్ టైమే. శీతాకాలంలో లండన్ టైమే రేక్యవిక్ టైమ్ కాబట్టి మొదటి మార్పుకే ప్రైయా వస్తుంది, చివర న్యూయార్క్ పెట్టుకోవాలి. తూర్పుకు వెళ్లేవాళ్లు ఇదే వరసను కింది నుంచి పైకి చదువుకోండి. ఈ పేర్లు ఒక కాగితం మీద రాసి పాస్‌పోర్టు కవర్లో పెట్టుకుంటే రోజూ రాత్రి అర నిమిషంలో పని అయిపోతుంది.

ఫోన్ వరల్డ్ క్లాక్‌లో హైదరాబాద్‌కు బదులు కోల్‌కతా అనో, ఢిల్లీ అనో కనిపించవచ్చు, ఏదైనా ఒకటే. దాన్ని మొదటి తెర మీద పెట్టుకోండి.

6. పడమరకు: ఆ అదనపు గంటను ఎక్కడ పెట్టాలి

25 గంటల రోజు వచ్చిందంటే సంబరంగానే ఉంటుంది. అందరూ చేసేది ఒకటే: ఎప్పుడూ పడుకునే వేళకే నిద్ర ముంచుకొస్తుంది, పడుకుంటారు, గంట ముందే మెలకువ వస్తుంది. మొదటి రోజు ఐదున్నరకు, రెండో రోజు నాలుగున్నరకు. మూడో రోజుకు తెల్లవారుజామున మూడున్నరకు కళ్లు తెరుచుకుని పైకప్పు చూస్తూ ఉంటారు. గడియారం మారింది కానీ శరీరం లండన్‌లోనే ఉండిపోయింది.

దీనికి మందు సాయంత్రపు వెలుగు. నిద్రవేళకు ముందు గంటల్లో కంటికి వెలుతురు తగిలితే లోపలి గడియారం వెనక్కి జరుగుతుంది. కాబట్టి సాయంత్రం నాలుగు నుంచి పొద్దు గూకేదాకా డెక్ మీద ఉండండి. మే, జూన్, జూలైలో ఉత్తర అట్లాంటిక్‌లో రాత్రి తొమ్మిది దాకా వెలుతురు ఉంటుంది, అది మీకు వరం. భోజనం అయ్యాక కేబిన్‌కి వెళ్లి మంచం మీద వాలకండి. దీపాలు బాగా వెలిగే చోట నడవండి, సంగీతం వినండి, పేకాట ఆడండి, కొత్త టైముకు పది, పదిన్నర దాకా ఎలాగోలా కూర్చోండి. అప్పటికీ తెల్లవారుజామున మెలకువ వస్తే ఫోన్ తీయకుండా, దీపం వేయకుండా పడుకునే ఉండండి. ఆ వేళ డెక్ మీదికి పరిగెత్తి సూర్యోదయం చూడటం ఎంత బాగున్నా మొదటి మూడు రోజులూ వద్దు. ఆ వెలుగు మిమ్మల్ని బయలుదేరిన ఊరి టైము వైపు లాగుతుంది.

7. తూర్పుకు: ఇక్కడే జాగ్రత్త కావాలి

తూర్పు ప్రయాణంలో మొదటి రెండు రోజులు ఏ తేడా తెలియదు. మూడో రోజు పొద్దున లేవబుద్ధి కాదు. ఐదో రోజుకు రాత్రి ఒంటిగంటైనా నిద్ర రాదు, పొద్దున టిఫిన్ మూసేవేళకు మెలకువ వస్తుంది. అలవాట్లు మార్చుకోవాల్సింది మొదటి రోజు నుంచే, ఇబ్బంది మొదలయ్యాక కాదు.

పొద్దున లేవగానే వెలుగులోకి వెళ్లండి. విమానంలో తూర్పుకు వచ్చినవాళ్లకు ఈ సలహా అన్నిసార్లూ సరిపోదు: న్యూయార్క్ నుంచి రాత్రి విమానంలో వచ్చి లండన్‌లో ఏడింటికి దిగితే శరీరానికి అది అర్ధరాత్రి రెండు, ఆ వెలుగు గడియారాన్ని తప్పు దిక్కుకు తోస్తుంది. మామూలుగా లేచే వేళకు రెండు, మూడు గంటల ముందు శరీరపు వేడి బాగా తగ్గిపోయే ఒక క్షణం ఉంటుంది. దానికి ముందు తగిలిన వెలుగు గడియారాన్ని వెనక్కి, తర్వాత తగిలిన వెలుగు ముందుకు జరుపుతుంది. ఓడలో రోజుకు గంటే మారుతుంది కాబట్టి పొద్దుటి వెలుగు ఎప్పుడూ ఆ క్షణం దాటాకే తగులుతుంది. భయం లేకుండా లేవగానే డెక్ ఎక్కండి. మబ్బు పట్టి ఉన్నా ఫర్వాలేదు. మబ్బు పట్టిన ఆకాశం కింద ఉన్న వెలుతురు కూడా ఓడ లోపలి దీపాల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. చలిగాలికి డెక్ మూసేస్తే పెద్ద కిటికీ పక్కన బల్ల చూసుకుని అక్కడే టిఫిన్ చేయండి.

కాఫీ, టీ మధ్యాహ్నం భోజనంతో ఆపేయాలి. బ్రిటిష్ ఓడల్లో మూడున్నరకు తెల్ల గుడ్డలు పరిచి, శాండ్‌విచ్‌లు, కేకులతో టీ ఇస్తారు. మన సాయంత్రం టీ వేళే కాబట్టి వదలబుద్ధి కాదు. వెళ్లండి, కెఫీన్ లేని హెర్బల్ టీ అడిగితే ఇస్తారు. కాఫీలోని కెఫీన్ సగానికి తగ్గడానికే ఐదు గంటలు పడుతుంది, పైగా ఆ రాత్రి మీకు గంట తక్కువ.

మధ్యాహ్నం కునుకు తీయాలనిపిస్తే మూడింటి లోపు, ఇరవై, ముప్పై నిమిషాలు, అలారం పెట్టుకుని మరీ. ఓడ ఊగుతుంటే ఆ కునుకు రెండు గంటలవుతుంది, ఆ రాత్రి పోయినట్టే. రాత్రి తొమ్మిది నుంచి దీపాలు తగ్గించి, ఫోన్ పక్కన పెట్టండి. వైన్ తాగితే నిద్ర వస్తుందనుకునేవాళ్లకు ఒక మాట: త్వరగా పడుతుంది కానీ మధ్యరాత్రి విరిగిపోతుంది.

రాత్రి అయిందని శరీరానికి చెప్పే హార్మోన్ మెలటోనిన్, దాని మాత్రల గురించి అందరూ అడుగుతారు. తూర్పు ప్రయాణానికి అవి కొంత సాయం చేస్తాయి. అమెరికాలో షాపులోనే దొరుకుతాయి, బ్రిటన్‌లో డాక్టర్ చీటీ కావాలి. రక్తం పలచబరిచే మందులు, మూర్ఛ మందులు వాడేవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడగకుండా ముట్టుకోవద్దు. అలాగే కడుపులో తిప్పుతోందని వేసుకునే అవోమిన్ లాంటి మాత్రలు బాగా మత్తునిస్తాయి. పగలు వేసుకుని సాయంత్రం దాకా తూగితే టైమ్ జోన్ వల్ల అనుకుంటారు. అవసరమైతే డాక్టర్‌ని అడిగి రాత్రి పూట వేసుకోండి. పెద్దవాళ్లు ఆ మత్తులో మెట్లు దిగేటప్పుడు పక్కన మనిషి ఉండాలి.

8. మాత్రల వేళలు

ఈ భాగం పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు రెండుసార్లు చదవండి.

రోజుకో మాత్ర చొప్పున వేసుకునే బీపీ, కొలెస్ట్రాల్, థైరాయిడ్ మందులకు గంట అటూఇటూ అయితే సాధారణంగా ఇబ్బంది ఉండదు. వాటిని గంటలతో కాకుండా పనులతో ముడిపెట్టండి: థైరాయిడ్ లేవగానే పరగడుపున, బీపీది టిఫిన్‌తో. ఓడ టైమ్ ఎలా మారితే అవీ అలాగే మారుతూ పోతాయి.

ఇన్సులిన్ వేరు. భోజనానికి ముందు వేసుకునేది భోజనంతోనే నడుస్తుంది. రోజుకోసారి వేసుకునే, ఎక్కువసేపు పనిచేసే రకం సంగతే డాక్టర్‌ని అడగాలి, ఎందుకంటే తూర్పు ప్రయాణంలో ఒక డోసుకూ ఇంకో డోసుకూ మధ్య 23 గంటలే ఉంటాయి, వరసగా ఐదు రోజులు. "రోజూ గంట మారుతుంది, ఐదు రోజులు, తూర్పుకు" అని స్పష్టంగా చెప్పి, ఏ రోజు ఓడ టైములో ఎన్నింటికి ఎంత వేసుకోవాలో కాగితం మీద రాయించుకోండి. మూర్ఛ మందులు, అవయవ మార్పిడి తర్వాత వాడే మందులు, రోజూ ఒకే వేళకు వేసుకోవాల్సిన కొన్ని గర్భనిరోధక మాత్రలు కూడా ఇదే కోవలోకి వస్తాయి.

కార్యక్రమాల కాగితం వెనక మర్నాటి మాత్రల వేళలు పెన్నుతో రాసి అద్దానికి అంటించడం నేను అన్నింటికంటే నమ్మే పద్ధతి. నాన్నగారు మళ్లీ మళ్లీ "ఇప్పుడు వేసుకోనా, గంట ఆగాలా?" అని అడగక్కర్లేదు, మీరూ తడుముకోనక్కర్లేదు.

9. ఇంటికి ఫోన్, ఆఫీసు కాల్స్

వేసవిలో సౌతాంప్టన్ వదిలేటప్పుడు ఇండియా మీకంటే నాలుగున్నర గంటలు ముందు. ప్రతి మార్పుకూ ఆ తేడా ఒక గంట పెరిగి, న్యూయార్క్ చేరేసరికి తొమ్మిదిన్నర అవుతుంది. మధ్యలో నొరోన్యా టైమ్ నడిచే రోజు తేడా ఏడున్నర: ఓడలో మధ్యాహ్నం పన్నెండంటే మన దగ్గర రాత్రి ఏడున్నర. కాబట్టి పడమరకు వెళ్తూ రోజూ ఒకే ఓడ వేళకు ఫోన్ చేస్తే ఇంట్లోవాళ్లకు రోజుకో గంట ఆలస్యమై, చివరికి నిద్రలేపినట్టవుతుంది. ఇంటివాళ్లతో "రోజూ మీ రాత్రి ఏడున్నరకు చేస్తాం" అని ఇండియా టైమే చెప్పండి. సర్దుకోవాల్సింది ప్రయాణంలో ఉన్న మనమే. ఆ కాల్ మొదట్లో ఓడలో మధ్యాహ్నం మూడుకు, చివర్లో పొద్దున పదికి పడుతుంది.

ఓడలోంచే ఉద్యోగం చేసేవాళ్లు మీటింగులను క్యాలెండర్‌లో ఫలానా టైమ్ జోన్ అని కట్టేయండి. ఊరికే "పదింటికి" అని రాసుకున్న గుర్తు మర్నాటికే తప్పవుతుంది.

ఏకాదశి ఉపవాసం, పూజల నియమం ఉన్నవాళ్లకు: తిథి మొదలయ్యే, ముగిసే క్షణం ప్రపంచమంతా ఒకటే. ఇండియా పంచాంగంలోని వేళ నుంచి ఆ రోజు తేడా తీసేస్తే ఓడలో ఎప్పుడో తెలుస్తుంది. సూర్యోదయ, సూర్యాస్తమయాలు మాత్రం ఓడ ఉన్న చోటివే చూడాలి. చాలా ఓడల్లో ఆ వేళలు రోజూ కాగితంలో వేస్తారు. రోజా విడిచేవాళ్లకూ ఆ సూర్యాస్తమయ వేళ ఉపయోగపడుతుంది.

10. పోర్టులో దిగినప్పుడు

మహాసముద్రం దాటే ప్రయాణంలో కంటే చిన్న క్రూజుల్లోనే ఈ ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే అక్కడ ఎవరూ టైమ్ గురించి ఆలోచించరు. మన కుటుంబాలు ఎక్కువగా వెళ్లే సింగపూర్ క్రూజ్ చూడండి. మలేషియాలో పెనాంగ్ టైమ్, సింగపూర్ టైమ్ ఒకటే. థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ మాత్రం గంట వెనక. ఓడ సింగపూర్ టైమ్‌నే పట్టుకుని ఉంటే, ఒడ్డు మీద కాలు పెట్టగానే ఆటోమేటిక్‌లో ఉన్న మీ ఫోన్ థాయ్ నెట్‌వర్క్ అందుకుని గంట వెనక్కి వెళ్లిపోతుంది. ఐదింటికల్లా ఓడ ఎక్కాలని చెప్పారు, ఫోన్‌లో నాలుగే అయింది, ఇంకా గంట ఉందని మీరు బజారులో ఉంటారు. ఓడలో అప్పటికే ఐదు. ఎండాకాలంలో మయామీ నుంచి మెక్సికోలోని కోజుమెల్ వెళ్లే ఓడలకూ ఇదే ఇబ్బంది. ఆ ప్రాంతం ఏడాదంతా మయామీ చలికాలపు టైములోనే ఉంటుంది.

దిగేటప్పుడు మెట్ల దగ్గర ఆఖరి వేళ రాసిన బోర్డు పెడతారు. దాన్ని ఫోటో తీయండి, పక్కనే నిలబడ్డ సిబ్బందిని "ఇది ఓడ టైమా, ఊరి టైమా?" అని అడగండి, చేతి గడియారంతో సరిచూసుకోండి. బయటి టూర్ వాళ్లు ఊరి టైములో మాట్లాడతారు, కాబట్టి డ్రైవర్‌తో తిరిగి చేరాల్సిన వేళ చెప్పేటప్పుడు లెక్క మార్చి చెప్పాలి.

సియాటెల్ నుంచి అలాస్కా వెళ్లేవాళ్లకు తేడా ఒక్క గంటే. ఓడలో ప్రకటన వినడం తప్ప చేయాల్సిందేం లేదు. చెన్నై, విశాఖల నుంచి శ్రీలంక వైపు వెళ్తే గడియారం ముట్టుకోనే అక్కర్లేదు, అక్కడిదీ మన టైమే.

11. పసిఫిక్ దాటుతుంటే: ఒక రోజు మాయం, లేదా ఒకే రోజు రెండుసార్లు

అమెరికా పడమటి తీరం నుంచి ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వెళ్లే ఓడలు 180 డిగ్రీల దగ్గరున్న తేదీ రేఖ దాటుతాయి. మంగళవారం పడుకుంటే లేచేసరికి గురువారం. తిరుగు దారిలో బుధవారం తర్వాత మళ్లీ బుధవారమే వస్తుంది. మాగెల్లన్ సాహసయాత్రలో మిగిలిన విక్టోరియా ఓడ 1522 జూలైలో కేప్ వెర్డ్ చేరినప్పుడు, రోజూ తప్పకుండా రాసుకున్న వాళ్ల లెక్కలో అది బుధవారం, ఒడ్డు మీద గురువారం. రాతలో ఏ తప్పూ లేదు, పడమరగా భూమిని చుట్టినందుకు ఒక రోజు జారిపోయింది. అలాంటి చిక్కే ఈరోజు మీ మాత్రల డబ్బాలో వస్తుంది.

వారాల పేర్లున్న డబ్బాలో పడమర ప్రయాణంలో బుధవారం గడి నిండుగా మిగిలిపోతుంది. అది చూసి అమ్మ కంగారుపడి గురువారం నాడు రెండూ కలిపి వేసుకునే ప్రమాదం ఉంది. "అమ్మా, ఒక్క డోసు కూడా తప్పలేదు, బుధవారం అనే రోజే రాలేదు" అని ముందే చెప్పి, ఆ గడి మీరే ఖాళీ చేసేయండి. తూర్పుకు వచ్చేటప్పుడు దానికి రివర్స్: ఒక రోజు మందులు అదనంగా కావాలి. వారానికోసారి వేసుకునే మాత్రలకు వారం పేరు చూడకండి, ఏడు నిద్రలు లెక్కపెట్టండి. మాయమయ్యే రోజున ఎవరిదైనా పుట్టినరోజు ఉంటే ముందురోజే చేసేయండి. ఓడ దిగాక పట్టుకోవాల్సిన విమానం తేదీ కూడా టికెట్ కొనేటప్పుడే రెండుసార్లు చూసుకోవాలి.

12. దిగే రోజు

న్యూయార్క్ వెళ్లే ఓడ ఆ ఊళ్లోని బ్రూక్లిన్ రేవుకు తెల్లవారకముందే వస్తుంది. పడమర ప్రయాణం చేసినవాళ్లకు ఆ వేళకు మెలకువ మామూలే కాబట్టి, మొదటి రోజుల్లో వద్దన్న సూర్యోదయాన్ని ఆ రోజు చూడండి. లిబర్టీ విగ్రహం కనిపించేలోపు చలికోటు వేసుకుని పై డెక్ మీద ఉంటే చాలు.

సౌతాంప్టన్‌లో దిగేవాళ్ల సంగతి వేరు. ఐదు 23 గంటల రోజులు గడిచాక, పెట్టెలు ముందురాత్రే తలుపు బయట పెట్టి, పొద్దున్నే టిఫిన్ చేసి, తొమ్మిది లోపు బయటపడాలి. శరీరానికి అప్పటికి ఇంకా నిద్రవేళే. ఆ పొద్దున సౌతాంప్టన్ నుంచి మాంచెస్టర్‌కో బర్మింగ్‌హామ్‌కో మీరే కారు నడపొద్దు. రైలెక్కండి, లేదా ఆ ఊళ్లోనే ఒక రాత్రి ఉండి, మధ్యాహ్నం దాకా ఆరుబయట తిరిగి, తొమ్మిదిన్నరకు పడుకుని, మర్నాడు బయలుదేరండి.